ఇంజన్ వేడెక్కితే స్టార్టర్ బరువుగా తిరుగుతోంది: లోపం ఎర్త్‌లోనా, స్టార్టర్‌లోనా?

పాత కార్బురేటర్ పెట్రోల్ కారు. ఇంజన్ చల్లగా ఉంటే వెంటనే అందుకుంటుంది. బాగా వేడెక్కాక ఆపి మళ్లీ తాళం తిప్పితే స్టార్టర్ ఈడుస్తుంది, ఒక్కోసారి టక్‌మని ఊరుకుంటుంది. అప్పుడు కూడా హెడ్‌లైట్లు పెద్దగా మసకబారవు కాబట్టి బ్యాటరీ మీద అనుమానం లేదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, స్టార్టర్ తిరిగేటప్పుడు 11.2.

వేడి మీద స్టార్టర్ తిప్పుతూ మీటర్‌తో చూస్తే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్ బ్లాక్‌కి 0.9 వోల్టులు పోతున్నాయి. అదే నెగటివ్ నుంచి బాడీకి 0.1 మాత్రమే. అంటే ఇంజన్‌నీ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) దగ్గరే అడ్డు ఉంది. పాజిటివ్ వైపు సొలినాయిడ్‌తో (స్టార్టర్‌కి కరెంటు కలిపే స్విచ్) కలిపి 0.3, అది ఫర్వాలేదు.

చిక్కు ఇక్కడే. లావాటి జంపర్ కేబుల్‌తో నెగటివ్‌ని నేరుగా బ్లాక్‌కి కలిపితే వేగం పెరిగింది కానీ పూర్తిగా కుదుటపడలేదు. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరిగిందేమోనని కాయిల్ వైరు తీసి తిప్పినా అదే బరువు, కాబట్టి అది కాదు.

ఎర్త్ పట్టీ ఎలాగూ మార్చాలి, 25 చదరపు మిల్లీమీటర్ల రాగి పట్టీ సరిపోతుందా? స్టార్టర్‌లో బుష్‌లు (ఇరుసును పట్టి ఉంచే గొట్టాలు) అరిగి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) రాసుకుంటోందా, దానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయా అన్నది విప్పకుండానే, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ చూపే ఆంపియర్లతో తేల్చవచ్చా? చల్లగా, వేడిగా రీడింగులు పోల్చి చూసినవారు దయచేసి చెప్పండి.