సర్రున, టపటపా, గుసగుస: ఇలాంటి మాటలు వ్యాసంలో రాయకూడదా?

వానచినుకు:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "వాన కురిసిన సాయంత్రం" మీద వ్యాసం రాసింది. నాలుగు వాక్యాల కింద టీచరుగారు ఎర్రగీత పెట్టారు. "చెట్ల ఆకులు గుసగుసలాడుతున్నాయి", "చినుకులు టపటపా రేకుల మీద పడ్డాయి", "తొండ సర్రున గోడెక్కింది", "కరెంటు పోయి చటుక్కున చీకటి పడింది". పక్కన "ఇవి మాట్లాడే మాటలు, వ్యాసంలో వద్దు" అని రాశారు. మార్కుల గురించి నాకు టెన్షన్ లేదు. ఆ మాటలు తీసేసి పిల్ల మళ్లీ రాసింది. చదివితే ఏదో పోయినట్టుంది, పోయిందేమిటో చెప్పలేకపోతున్నాను. పరీక్షలో, పత్రికలో రాసే తెలుగులో వీటికి చోటుందా, లేదా?

ప్రూఫు డెస్క్:
నేను టీచరుగారి వైపు. పత్రికలో పనిచేస్తాను. డిసెంబరు వస్తే "గజగజ", ఉల్లి ధర పెరిగితే "భగ్గుమన్న", ఎక్కడ ఏం జరిగినా నగరం "ఉలిక్కిపడింది". ఈ మాటలకు జతలు ముందే కుదిరిపోయాయి. జెండా అనగానే రెపరెపలాడాలి, సెలయేరు అనగానే గలగలలాడాలి. తర్వాత వచ్చే మాట పాఠకుడికి ముందే తెలిసిపోతే అది కొత్తగా చెప్పేదేముంది? పిల్లలకు ఇది అలవాటైతే తాము చూసింది రాయరు, ఎక్కడో విన్న జతలే రాస్తారు.

పాలమూరు బాట:
రెపరెప సంగతి ఒప్పుకుంటాను అన్నా. "మాట్లాడే మాటలు" కాబట్టి వద్దనడమే నాకు మింగుడుపడటం లేదు. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులోనే వీటికి చోటిచ్చాడు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతంలో గోదారికి గలగల, కృష్ణమ్మకు బిరబిర ఉన్నాయి. సభలో అందరూ లేచి నిలబడి పాడే పాటలో ఉన్న మాటలు తొమ్మిదో తరగతి వ్యాసానికి పనికిరావా? మా దిక్కు "దబదబ రా" అంటాం, కోస్తాలో "గబగబా రా" అంటారు. ఈ మాట అర్థం కాని తెలుగువాడు ఎవరు?

ప్రూఫు డెస్క్:
అది పాట తమ్ముడూ. పాటకు లయ కావాలి, వ్యాసానికి సమాచారం కావాలి.

పంతులమ్మ:
సమాచారం అన్నారు కాబట్టి దాని గురించే మాట్లాడుకుందాం. బళ్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఈ విషయం మీద నాకు పట్టుదల ఎక్కువ.

నవ్వడానికి మనకున్న మామూలు క్రియ ఒక్కటే. కిలకిలా నవ్వింది, పకపకా నవ్వింది, కిసుక్కున నవ్వింది, ముసిముసిగా నవ్వింది. ఈ నాలుగూ వేరువేరు సంఘటనలు. కిసుక్కున అంటే ఆపుకోబోయినా ఆగక బయటపడిన నవ్వు. ముసిముసి నవ్వుకైతే చప్పుడే లేదు. ఈ తేడా క్రియలో లేదు, దాని ముందున్న మాటలో ఉంది. ఆ మాట తీసేస్తే ఎలా నవ్విందో చెప్పడానికి ఇంకో వాక్యం రాసుకోవాలి.

వీటి కట్టుబడి చూడండి, ఇంకా ముచ్చటేస్తుంది. తళుక్కున మెరిసింది అంటే ఒక్కసారి. తళతళా మెరుస్తోంది అంటే ఆగకుండా. గుటుక్కున మింగాడు, గుటగుటా తాగాడు. భగ్గున మండింది, భగభగా మండుతోంది. టప్పున, టపటపా. సర్రున, సరసరా. ఒక్కసారి జరిగినదానికి మధ్యలో ద్విత్వం, పదేపదే జరిగేదానికి మాటే రెండుసార్లు. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది మాట రూపమే చెప్పేస్తోంది. జంట రూపానికి "ఆడు" చేరితే గలగలలాడు, రెపరెపలాడు అని పూర్తి క్రియ అవుతుంది. ఒంటి రూపానికి "అను" చేరి గల్లుమంది, తుర్రుమంది అవుతుంది. గలగలమంది అని కూడా అంటాం గానీ, గల్లులాడింది అని ఏ పసిపిల్లా అనదు. ఎవరూ నేర్పకుండానే అందరమూ పాటించే నియమం ఇది. దీన్ని వ్యాకరణం అనాలి, అలంకారం అని తీసిపారేయడానికి లేదు.

అన్నిటికీ ఒంటి రూపం ఉండదు. గుసగుసకు లేదు. అది ఇద్దరి మధ్య కాసేపు సాగేది కాబట్టేనేమో అని నాకనిపిస్తుంది.

చెన్నపట్నం తెలుగు:
పంతులమ్మగారూ, విడదీయరాని అలాంటి జంటలకు తమిళ వ్యాకరణంలో ఇరట్టైక్కిళవి అని పేరే ఉంది. ప్రాచీన తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియంలోనే ఆ మాట ఉంది. ఇక్కడి బళ్లలో పిల్లలకు పాఠంగా చెబుతారు. ద్రావిడ భాషల్లోనూ ఉత్తరాది భాషల్లోనూ ఈ మాటలు ఎలా కలుస్తున్నాయో భాషావేత్త ఎమెనో 1969లోనే రాశారు. పాఠం చెప్పాల్సినచోట మనం ఎర్రగీత పెడుతున్నాం.

వంటల పేజీ:
నేను వంటలు రాస్తాను. "ఆవాలు చిటపటలాడాక కరివేపాకు వేయండి" అన్న వాక్యంలోంచి చిటపట తీసేసి రాయమనండి చూద్దాం. మంట, మూకుడు మందం ఇంటింటికీ వేరు. నిమిషాలు లెక్కపెట్టి చెబితే ఎవరింట్లోనో పోపు మాడిపోతుంది. నీళ్లు సలసలా కాగుతాయి, పప్పు కుతకుతా ఉడుకుతుంది. పలచనిదానికి ఒకటి, చిక్కనిదానికి ఒకటి.

ఫిజియో, గుంటూరు:
నా దగ్గరికి వచ్చేవాళ్లు "నొప్పిగా ఉంది" అంటే నాకు తెలిసేది చాలా తక్కువ. "వంగితే నడుం కలుక్కుమంది" అంటే ఆ కదలికలో ఒక్కసారిగా పట్టేసిందని. "జివ్వుమని పిక్కలోకి దిగుతోంది" అంటే నరం సంగతేమో అని ఆలోచిస్తాను. "చురుక్కుమంటోంది" అంటే ఇంకొకటి. పరీక్ష చేయకుండా ఏదీ తేల్చను, కానీ తర్వాత ఏం అడగాలో ఆ మాటే చెబుతుంది. ఇక్కడ చెవికి వినిపించే చప్పుడేదీ లేదు. చప్పుడు మాటలు పుట్టిన మూసలోనే నొప్పికి, స్పర్శకు మాటలు పుట్టాయి. మనసుకైతే "చివుక్కుమంది" ఉండనే ఉంది. చదువుకున్నవాళ్లు ఇవి మోటు మాటలనుకుని "కొంచెం పెయిన్" అంటారు. అప్పుడు నాకు పని రెట్టింపు.

ప్రూఫు డెస్క్:
కలుక్కు, చిటపట దగ్గర నాకు పేచీ లేదు. అక్కడ ఆ మాట తీస్తే పనే ఆగిపోతుంది. వ్యాసానికీ అదే కొలత పెట్టమంటున్నాను. మాట తీసి చదవండి, ఏమీ పోకపోతే కొట్టేయండి. మా డెస్కులో తొంభై పాళ్లు కొట్టేయాల్సినవే వస్తాయి.

పంతులమ్మ:
న్యాయమైన కొలత. అమ్మాయి వాక్యాలకే పెడదాం. కరెంటు పోతే చీకటి ఎలాగూ ఒక్కసారే పడుతుంది, అక్కడ చటుక్కున అక్కర్లేదు. "టపటపా" ఉండాలి. పెద్ద చినుకులు, విడివిడిగా, వాన ఇప్పుడే మొదలైందని అందులో తెలుస్తోంది. జల్లున కురిసిందని రాస్తే అది వేరే వాన. "సర్రున" తప్పకుండా ఉండాలి. సరసరా అని ఉంటే తొండ ఇంకా పాకుతూనే ఉండేది, సర్రున అనేసరికి ఎక్కేసింది. ఆకుల గుసగుస మాత్రం ఎక్కడో విన్న జతలాగే ఉంది. రేకుల మీద అంత చప్పుడవుతుంటే ఆకుల గుసగుస ఎలా వినపడుతుంది?

వానచినుకు:
పోయిందేమిటో ఇప్పుడు తెలిసింది. టపటపా, సర్రున ఉంచమని టీచరుగారిని అడుగుతాను. చటుక్కున కొట్టేయడానికి అమ్మాయి ఒప్పుకుంది గానీ గుసగుసకు ఒప్పుకోవడం లేదు. వాన వెలిశాక గాలికి ఆకులు కదిలినప్పుడు విన్నానంటోంది.

ప్రూఫు డెస్క్:
అయితే "వాన వెలిశాక" అన్న మాట వ్యాసంలో రాసి, ఆ వాక్యాన్ని చినుకుల తర్వాతకి జరపమనండి. అప్పుడు నేనూ గీత పెట్టను.