మాది తిరుచానూరు, ఎంపీ మాత్రం చిత్తూరు! మీ వైపు ఎలా ఉంది?

పద్మసరోవరం:
తిరుపతి బస్టాండు నుంచి మా ఇంటికి ఆటోలో వచ్చేయొచ్చు. 2024లో మా పాపకు తొలి ఓటు. లెక్కింపు రోజు టీవీ ముందు కూర్చుని తిరుపతి ఎంపీ సీటు గురించి ఒకటే టెన్షన్ పడింది. గురుమూర్తి 14 వేల చిల్లరతో బయటపడ్డారు కదా! చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది, "అమ్మా, నీ ఓటు ఆ లెక్కలో లేదు" అని. తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి అసెంబ్లీలో ఉంది, చంద్రగిరేమో చిత్తూరు పార్లమెంటులో. మా ఎంపీ దగ్గుమళ్ల ప్రసాదరావు. మీకూ ఇలాంటివి ఉన్నాయా?

పుత్తూరు కట్టు:
మీరే నయం సామీ. 2009కి ముందు పుత్తూరే ఒక అసెంబ్లీ సీటు. నియోజకవర్గాల గీతలు మార్చినప్పుడు అది పోయింది, మేం నగరిలో కలిశాం. మా పుత్తూరు పాత ఎమ్మెల్యే గాలి ముద్దుకృష్ణమనాయుడు కూడా నగరికి మారి గెలిచారు. 2014లో రోజా 858 ఓట్లతో గట్టెక్కిన నగరి ఇదే. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక మేం తిరుపతి జిల్లాకు పోయాం, నగరి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. కలెక్టరు తిరుపతిలో, ఎంపీ చిత్తూరుకు! రైల్వే గేటు గురించి ఊరంతా సంతకాలు పెట్టి తిరుపతి ఎంపీకి అర్జీ పంపాం. తప్పు మాదేలే.

చిత్తూరు కుర్రోడు:
చిత్తూరు 2009లో కొత్తగా పుట్టిన సీటే కదా అన్నా?

పాత ఓటరు:
కాదు నాయనా. తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి గెలిచారు. లోక్‌సభ స్పీకరుగా చేసిన మనిషి. 2009లో మారినవి గీతలూ, రిజర్వేషనూ. అంతకుముందు జనరల్, 2004లో ఆదికేశవులు నాయుడు గెలిచారు. ఎస్సీ సీటు అయ్యాక రెండుసార్లు శివప్రసాద్. పార్లమెంటు ముందు రోజుకో వేషం కట్టి ప్రత్యేక హోదా అడిగింది ఆయనే. అటు నెల్లూరు ఎస్సీ నుంచి జనరల్ అయింది. దాంతో పనబాక లక్ష్మి బాపట్లకు వెళ్లారు, తర్వాత 2019లో, 2021 ఉప ఎన్నికలో తిరుపతిలో నిలబడి ఓడారు. మా వేపంజేరి సీటు పోయి గంగాధర నెల్లూరు వచ్చింది. మా ఆవిడ నోట ఇప్పటికీ వేపంజేరే.

కుప్పం నుంచి:
మా దగ్గర ఎంపీ ఎవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. ఎమ్మెల్యే పేరు చిన్నపిల్లలకూ తెలుసు, 1989 నుంచీ ఒకటే పేరు మరి. ఎంపీ ఓట్ల దగ్గర టీడీపీ వాళ్లు మా కుప్పం రౌండ్ల మీదే ఆశ పెట్టుకుంటారు. 2019లో ఆ లెక్క తప్పింది. చంద్రబాబుగారి మెజారిటీయే 30 వేలకు దిగింది, ఎంపీగా వైసీపీ రెడ్డెప్ప లక్షకు పైగా తేడాతో గెలిచారు.

పుంగనూరు ఆవు:
2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేం చిత్తూరు జిల్లాలోనే ఉన్నాం, ఎంపీ మాత్రం రాజంపేట. అంతే సంగతి.

సర్వేపల్లి:
మాది నెల్లూరు జిల్లా. ఓటు వేసేది తిరుపతి ఎంపీకి. మేం కూడా ఇక్కడ మాట్లాడొచ్చా?

పద్మసరోవరం:
భలేవారే! తిరుపతి ఎంపీని ఎన్నుకునేది మీరు. అడగాల్సింది మేము.