2026 వరల్డ్‌కప్‌కి పోర్చుగల్ టీమ్‌లో రొనాల్డో స్టార్టింగ్ లెవెన్‌లోనా, బెంచ్ మీదనా? తిరుపతి, చిత్తూరు పిలకాయలు రండబ్బా తేల్చుకుందాం

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
నా మాట ముందే చెప్పేస్తా, తర్వాత ఎంతన్నా తిట్టుకోండి. 26 మంది స్క్వాడ్‌లో రొనాల్డో ఉండాల్సిందే, మొదటి పదకొండులో మాత్రం వద్దు. నేనేం హేటర్‌ని కాదు, 2018లో స్పెయిన్ మీద 88వ నిమిషంలో ఆ ఫ్రీకిక్ పడినప్పుడు మా వీధి మొత్తం లేపినోణ్ణి. కానీ ఫిబ్రవరికి ఆయనకి 41 నిండినాయి. పోనీ వయసు సంగతి పక్కన పెట్టండి, 2022 దాకా ఐదు వరల్డ్‌కప్‌లు ఆడి 8 గోల్స్ కొట్టినాడు, ఎనిమిదీ గ్రూప్ స్టేజ్‌లోనే, నాకౌట్‌లో ఒక్కటంటే ఒక్కటి లేదు. 2024 యూరోలో ఐదు మ్యాచ్‌లూ స్టార్ట్ చేసినాడు, గోల్ సున్నా. జార్జియా మ్యాచ్ గుర్తుందా? అప్పటికే గ్రూప్ టాప్ ఖాయం అయిపోయింది, చానా మందికి రెస్ట్ ఇచ్చినారు, ఈయన్ని మాత్రం దింపినాడు కోచ్ మార్టినెజ్. 2-0 ఓడిపోయినారు. తర్వాత స్లొవేనియా మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో పెనాల్టీ వాళ్ళ కీపర్ ఒబ్లాక్ ఆపేస్తే, ఆ మధ్యలో వచ్చే చిన్న బ్రేక్‌లో ఈయన ఏడుస్తా ఉండాడు, టీమంతా చుట్టూ చేరి ఓదారుస్తా ఉండారు, ఇంకా పావుగంట ఆట మిగిలే ఉంది సామీ! షూటవుట్‌లో పోర్చుగల్ కీపర్ డియోగో కోస్టా వరసగా మూడు ఆపబట్టి బతికినారు గానీ లేకపోతే అప్పుడే ఇంటికి పోయుంటారు.

చిత్తూరు_సీఆర్7:
వచ్చినాడప్పా లెక్కల మాస్టారు. అదే షూటవుట్‌లో ఫస్ట్ కిక్ ఎవురు కొట్టినారో చెప్పవే? ఏడ్చిన కాసేపటికే పోయి అదే ఒబ్లాక్ మీద కొట్టినాడు, దానికి గుండె కావాల. 2024 దగ్గరే ఆగిపోయినావు, 2025 జూన్ నేషన్స్ లీగ్ మర్చిపోయినావా ఏంది? సెమీస్‌లో జర్మనీ మీద గెలిపించిన గోల్ ఎవరిది? ఫైనల్లో స్పెయిన్ 2-1 లీడ్‌లో ఉంటే సమం చేసింది ఎవురు? మీరు రొనాల్డో బదులు ఆడించమనే ఫార్వర్డ్ రామోస్ కాదు. వరల్డ్‌కప్ క్వాలిఫయర్స్‌లో మొత్తం 41 గోల్స్, ప్రపంచంలో ఎవరికీ లేవు. ఇంక రామోస్ అంటావా, 2022లో స్విట్జర్లాండ్ మీద హ్యాట్రిక్, 6-1, ఒప్పుకున్నా. నాలుగు దినాలకి మొరాకో మీద అదే రామోస్ స్టార్ట్ చేసినాడు, 1-0 ఓటమి. రొనాల్డోని 51వ నిమిషానికి గానీ దింపలా. ఆ ముక్క మాత్రం మీరెవ్వరూ ఎత్తరు.

కాళహస్తి_కీపర్:
క్వాలిఫయర్‌లో ఐర్లాండ్ మీద మోచేత్తో కొట్టి రెడ్ కార్డ్ తీసుకున్నాడే, ఆయన ఫస్ట్ మ్యాచ్ ఆడొచ్చా అసలు?

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
ఆడొచ్చు. మూడు మ్యాచ్‌ల బ్యాన్‌లో ఒకటి అర్మేనియా మీద అయిపోయింది, మిగిలిన రెండూ ఫిఫా అమలు చెయ్యకుండా ఆపి పెట్టింది, ఏడాది లోపల మళ్ళీ అట్లాంటి పనే చేస్తే అప్పుడు పడతాయి. అన్నట్టు ఆయన లేని ఆ అర్మేనియా మ్యాచ్ స్కోర్ 9-1.

చిత్తూరు_సీఆర్7:
అదే అర్మేనియాని వాళ్ళ ఊర్లోనే 5-0 కొట్టినారు, అందులో రెండు రొనాల్డోవి. అర్మేనియా మీద నువ్వూ నేనూ దిగినా పోర్చుగల్ గెలుస్తుంది, వదిలెయ్ ఆ లెక్క.

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
సరే వదిలేసినా. గోల్స్ లెక్క కూడా వదిలేద్దాం, అసలు నా గొడవ అది కాదు. ఈ టీమ్‌లో బలం యాడుంది? మిడ్‌ఫీల్డ్‌లో. విటిన్యా, జోవావ్ నెవెస్, వెనక నూనో మెండెస్, ముగ్గురూ పారిస్ క్లబ్ పీఎస్‌జీలో ఏం చేస్తారో 2025 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో చూసినాం కదా, ఇంటర్ మిలాన్ మీద 5-0. ఆ మ్యాచ్‌లో నాకు గోల్స్ కన్నా ఎక్కువ గుర్తుండేది పీఎస్‌జీ ఫార్వర్డ్ డెంబెలే. ఇంటర్ కీపర్ గోల్‌కిక్ కొట్టబోతా ఉంటే పెనాల్టీ బాక్స్ గీత దగ్గర వంగి నిలబడి, పరుగు పందెంలో పిస్టల్ పేలేదాకా ఆగినట్టు కీపర్ కళ్ళల్లోకే చూస్తా ఉంటాడు, కాలు కదిలిందంటే దూకేస్తాడు. వాడు దూకితేనే వెనక విటిన్యా, నెవెస్ పదడుగులు ముందుకొచ్చి బాల్ లాగేసుకుంటారు. ముందుండేవాడు దూకకపోతే వెనకోళ్ళు ఎంత పరిగెత్తినా దండగే, ప్రత్యర్థి సెంటర్ బ్యాక్ తీరిగ్గా తలెత్తి చూసి పాస్ ఇస్తాడు. మన సెవెన్స్ టోర్నమెంట్లలో చూల్లేదా, జెర్సీలకి డబ్బులు పెట్టిన అన్న ఫార్వర్డ్‌లో నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడుకోనుంటాడు, మిగతా ఆరుగురం నాలిక బయటపెట్టి ఉరకాల.

చిత్తూరు_సీఆర్7:
అట్లయితే మెస్సీ 2022లో నడస్తానే కదా కప్ కొట్టింది? 35 ఏళ్ళు వానికి. అప్పుడు మీకు ముద్దొచ్చింది, మా వాడు నడిస్తే జెర్సీ అన్న అయిపోయినాడు. బాగుందప్పా న్యాయం.

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
మంచి పాయింటే, కానీ దాంట్లోనే జవాబు కూడా ఉంది. సౌదీ మీద 2-1 ఓడిపోయినాక అర్జెంటీనా కోచ్ స్కలోని ఏం చేసినాడు? మెస్సీని నడవనిచ్చినాడు, చుట్టూ ఉండే వాళ్ళని మార్చినాడు. పోలండ్ మ్యాచ్ నుంచి లౌటారో మార్టినెజ్ బెంచ్, హులియన్ అల్వరెజ్ స్టార్టింగ్. ఎంజో ఫెర్నాండెజ్ కూడా అప్పుడే స్టార్టింగ్‌లోకి వచ్చినాడు. మెస్సీ పరిగెత్తాల్సిన పరుగంతా అల్వరెజ్, డి పాల్ పరిగెత్తినారు, అల్వరెజ్ నాలుగు గోల్స్ కూడా కొట్టినాడు. అంటే ముందర పరిగెత్తే నంబర్ నైన్, అదే అందరికన్నా ముందుండే స్ట్రైకర్, ఒకడు ఉండాడు కాబట్టి ఇంకొకడు నడవగలిగినాడు. రొనాల్డో ఆ నంబర్ నైన్ చోటులోనే నిలబడతాడు, ఇంక ముందర ఉరికేదానికి ఎవుడున్నాడు? పైగా మెస్సీ కిందికొచ్చి బాల్ తీసుకోని ఆట నడిపిస్తాడు, మనోడు బాక్స్‌లో క్రాస్ కోసం ఎదురుచూస్తాడు. ఇంకో సంగతి, బెంచ్ మీదికి పోయిన ఆ లౌటారోనే నెదర్లాండ్స్ మీద షూటవుట్‌లో చివరి కిక్ కొట్టి గెలిపించినాడు. బెంచ్ అంటే అవమానం అని ఎవురు చెప్పినారు?

పాత_డ్రిల్‌మాస్టర్:
నాయనా, రెండు దినాలుగా చదువుతా ఉండాను, ఒక మాట చెప్తా. మీరందరూ బయటి దేశాలే చెప్తా ఉండారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్, ఇండియా కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. జర్నైల్ సింగ్ పేరుమోసిన డిఫెండర్, థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడినాయి. అట్లాంటోణ్ణి రహీం సాబ్ ఫార్వర్డ్‌లో ఆడించినాడు! ఫైనల్లో కొరియా మీద 2-1 గెలిచినాం, రెండో గోల్ జర్నైల్‌ది, మొదటిది పీకే బెనర్జీది. సికింద్రాబాద్ బలరాం కూడా ఆ టీమే. లెవెన్ అనేది పేర్లు చూసి రాసే కాగితం కాదు, ఆ పొద్దు ఎవుడు ఏ పనికి పనికొస్తాడు అని చూసి రాయాల.

చిత్తూరు_సీఆర్7:
సార్ దండాలు. మీరు చెప్పింది నా పక్షమే సార్, తల పగిలినోణ్ణి కూడా నమ్మి దింపినాడు కోచ్. గుండె ఉన్నోడు కావాల.

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
ఏంది సార్ పక్షమా? సార్ ఆ పొద్దు పని అన్నాడు రా, పాత గోల్స్ అన్లేదు.

పాత_డ్రిల్‌మాస్టర్:
మీ ఇద్దరికీ న్యాయం చెప్పేదానికి నేను రాలేదు. నాకైతే రొనాల్డో హెడ్డర్ అంటే ప్రాణం. నేను కోచ్ అయితే గ్రూప్‌లో ఉజ్బెకిస్తాన్ మీద మొదటి నుంచీ ఆడిస్తా, వాళ్ళు వెనక్కి కూర్చోని బాక్స్ నింపేస్తారు, అక్కడ పరుగుతో పని లేదు, తల కావాల. కొలంబియా మీద మాత్రం ఆలోచిస్తా. ఆ మ్యాచ్ మయామీలో, జూన్ నెలాఖర్లో, మన కోస్తా ఉక్కపోత లాంటిదే అక్కడ కూడా. ఎట్లాగూ ప్రతి హాఫ్‌లో మూడు నిమిషాలు నీళ్ళ బ్రేక్ పెట్టినారు ఈసారి, ఐదుగురిని మార్చుకోవచ్చు. అలిసిపోయిన డిఫెండర్ల మీదికి 65వ నిమిషంలో రొనాల్డో నడిచొస్తా ఉంటే ఎవుడికైనా గుండెల్లో దడే.

కాళహస్తి_కీపర్:
సార్ చెప్పింది కరెక్టు, మ్యాచ్‌ని బట్టి పోవాల. కానీ ఒకటి సార్, ఆయన బెంచ్ మీద కూర్చుంటే కెమెరా మొత్తం బెంచ్ మీదే ఉంటుంది, 2022లో చూసినాం కదా, స్విట్జర్లాండ్ మీద ఆరు గోల్స్ పడతా ఉంటే కూడా మరుసటి రోజు మాట్లాడింది ఆయన ముఖం గురించే. ఆ తలనొప్పి కోచ్‌కి ఎందుకు అని మార్టినెజ్ స్టార్ట్ చేయించేస్తా ఉండాడేమో అని నా డౌట్.

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
దానికి జీతం తీసుకుంటా ఉండాడు కదబ్బా కోచ్. 2006లో జర్మనీ సొంత దేశంలో వరల్డ్‌కప్ ఆడతా కీపర్‌గా ఆలివర్ కాన్‌ని పక్కన పెట్టి లేమాన్‌ని ఆడించింది. కాన్ అంటే జర్మనీలో ఏమన్నా మామూలోడా? అర్జెంటీనా మీద షూటవుట్‌కి ముందు ఆ కాన్‌నే వచ్చి లేమాన్ చెయ్యి పట్టుకోని ధైర్యం చెప్పినాడు, లేమాన్ రెండు ఆపినాడు. మూడో స్థానం మ్యాచ్ కాన్‌కి ఇచ్చినారు, అది కూడా పోర్చుగల్ మీదే, గెలిచినారు. ముందే ఖచ్చితంగా చెప్పేస్తే పెద్దోళ్ళు కూడా ఒప్పుకుంటారు, మ్యాచ్ పొద్దున చెప్తేనే గొడవ.

ఇదిగో నా లెవెన్: డియోగో కోస్టా, దాలో, రూబెన్ డియాస్, ఇనాసియో, నూనో మెండెస్, విటిన్యా, నెవెస్, బ్రూనో, బెర్నార్డో, రామోస్, లియావో. 60 తర్వాత రామోస్ బయటికి, రొనాల్డో లోపలికి.

చిత్తూరు_సీఆర్7:
నవ్వలేక చస్తా ఉండా. ఇంతసేపూ ముందర దూకేటోడు కావాల, ఉరికేటోడు కావాల అని క్లాసు పీకి, లియావోని పెట్టినావా? లియావో వెనక్కి వచ్చి డిఫెన్స్ చేసింది నువ్వు ఎప్పుడన్నా చూసినావా?

అలిపిరి_మిడ్‌ఫీల్డర్:
ఒక పక్క ఒక్కడు నడిస్తే మెండెస్ సర్దుకుంటాడు లే, ఇద్దరు నడిస్తేనే కష్టం. ప్రెస్సింగ్, అదే ముందుకు దూకి బాల్ లాగేది, కావాల్సిన మ్యాచ్‌లో లియావో బదులు నెటోని పెట్టుకో, లియావోని 60కి రొనాల్డోతో జతగా దింపుదాం.

చిత్తూరు_సీఆర్7:
అంటే 60 తర్వాత ఇద్దరూ నడుస్తారు, అంతే కదా నీ ప్లాను?

కాళహస్తి_కీపర్:
😂😂 సార్ యాడున్నారు, బిరిగ్గా రండి.