‘ఫర్ వాంట్ ఆఫ్ ఎ నెయిల్’: ‘లేక’ సరిపోతుందా?

పలకాబలపం: చిన్నప్పటి ఇంగ్లీషు పద్యం రెండు రోజులుగా నాలుక మీదే ఆడుతోంది. ఫర్ వాంట్ ఆఫ్ ఎ నెయిల్ ద షూ వాజ్ లాస్ట్... తర్వాత గుర్రం, రౌతు, యుద్ధం, రాజ్యం. చివర్లో ‘ఫర్ ద వాంట్’ అనేవాళ్ళమా, ఉత్త ‘ఫర్ వాంట్’ అనేవాళ్ళమా? పాపకి చెప్పాలి. ‘బికాజ్ ఆఫ్’ పెట్టి చెబితే పద్యం చచ్చిపోతోంది.

గోదారిగట్టు: తెలుగులో ‘లేక’ ఉందిగా! “మేకు లేక నాడా పోయె, నాడా లేక గుర్రం పోయె.” ఫర్, వాంట్, ఆఫ్ మూడూ రెండక్షరాల్లో ఇమిడాయి.

జొన్నచేను: అన్నా, ‘మేకు లేక నాడా’ అంటే రెండిట్లో ఏదో ఒకటి అని వినబడుతోంది. ‘లేకపోవడం వల్ల’ అంటేనే కారణం తేటగా ఉంటుంది.

పాతపంతులు: క్రియ వచ్చాక ఆ అనుమానం నిలవదు తమ్ముడూ. “డబ్బు లేక ఊరెళ్ళలేదు” అంటే లేకపోవడమే కారణం. “డబ్బు లేకుండా ఊరెళ్ళాడు” అంటే ఎలా వెళ్ళాడో చెప్పడమే. ‘ఉండా’ చేరగానే హేతువు జారిపోయింది. ‘ఫర్ వాంట్ ఆఫ్’కీ ‘వితౌట్’కీ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

గోదారిగట్టు: “నిద్ర లేకుండా చిక్కిపోయింది” అని మా అమ్మ అంటుంది మాస్టారూ. అక్కడ కారణమే కదా?

పాతపంతులు: అక్కడ కారణం మనం ఊహించుకున్నది. మాటలో లేదు.

మంచుపూలు: అసలు పాత పాఠంలో ‘వాజ్’ లేదు. 1640లో అచ్చయిన ఇంగ్లీషు కవి జార్జ్ హెర్బర్ట్ సామెతల్లో ‘ఈజ్ లాస్ట్’ అని ఉంటుంది. అమెరికా రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1758లో ‘వాజ్’ అన్నాడు. ఇద్దరిదీ రౌతుతోనే ఆఖరు, రాజ్యం దాకా పోలేదు. హెర్బర్ట్ అంటే నాకు ప్రాణం. ‘ఈస్టర్ వింగ్స్’ పద్యాన్ని రెక్కల ఆకారంలో రాశాడు. మనిషి పేదవాడైపోయిన చోట పంక్తి కూడా ‘మోస్ట్ పూర్’ అని రెండు మాటలకు చిక్కిపోతుంది. మన బంధకవిత్వంలో (పద్యంలోని అక్షరాల్ని చక్రం, పద్మం లాంటి బొమ్మల్లో కూర్చేది) అర్థం ఇలా ఆకారంతో పాటు చిక్కిన చోటు నాకు కనబడలేదు.

పాతపంతులు: బంధాల్లో అక్షరం కూర్చునే చోటు ముఖ్యం, పంక్తి పొడవు కాదు. ఆ రెంటినీ ఒక గాటన కట్టకూడదమ్మా.

జొన్నచేను: ఈ గొలుసు మనకీ ఉంది, ఏడు చేపల కథ. అందులో కలిపే మాటే లేదు. “ఎందుకు ఎండలేదు?” “గడ్డిమోపు అడ్డమొచ్చింది.” ప్రశ్నే ‘బికాజ్’ పని చేస్తుంది. చివర్లో చీమ మాత్రం “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అంటుంది. పిల్లాడు వేలు పెట్టేశాడు కాబట్టి ఆ ‘తే’ ఇఫ్ కాదు, సిన్స్.

పాతపంతులు: ఇఫ్‌యే. ఆ ఒక్క పిల్లాడి సంగతి కాదు, ఎవరు పెట్టినా కుడుతుంది.

పలకాబలపం: పాపకి చేపల కథే చెప్పాను. ప్రతి ‘ఎందుకు’ తనే అడిగింది. ఇంతకీ ఆ ‘ద’ ఉందా, లేదా?

మంచుపూలు: ఫ్రాంక్లిన్‌లో లేదు. మీ పుస్తకం ఏదో మరి.

గోదారిగట్టు: మా ఇంట్లో చీమ ‘కుట్టనా’ అనదు, “కుట్టకుండా ఉంటానా” అంటుంది. మాస్టారూ, ఈ ‘కుండా’ని ఏం చేద్దాం?