పాత కారులో గేరు వేస్తే పళ్లెందుకు ఒరుసుకుంటాయి?

ప్రశ్న (అంబత్తూరు, చెన్నై):
మా షెడ్డుకు వచ్చిన 1920ల నాటి కారులో క్లచ్ పూర్తిగా తొక్కినా రెండో గేరు గరగరమంటూనే పడుతోంది. ఇది అరుగుదలా, ఆనాటి రూపకల్పనే అంతా?

జవాబు (పెరంబూరు):
ప్రధానంగా రూపకల్పనేనండి. 1890లలో పనార్ లెవసోర్ కార్లతో స్థిరపడిన జారుడు గేర్ల పద్ధతిలో, పళ్లచక్రాన్నే షాఫ్టు మీద పక్కకు జరిపి మరో చక్రంతో కలిపేవారు కనుక, రెండింటి అంచుల వేగం కలవకపోతే పళ్ల కొసలు ఒరుసుకోక తప్పదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజన్ వేగం తగ్గాక మళ్లీ తొక్కి పై గేరు వేయండి. కింది గేరుకైతే న్యూట్రల్‌లో ఉండగా యాక్సిలరేటర్ కాస్త ఇవ్వాలి. ఇది చేతికి పట్టుబడాల్సిన విద్య.

జవాబు (మైలాపూరు):
1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి ఈ చిక్కునే తప్పించింది. అందులో పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఎడమ పెడల్ తొక్కితే డ్రమ్ము మీద పట్టీ బిగిసి తక్కువ గేరు, వదిలితే ఎక్కువ గేరు. ముందుకు రెండే గేర్లు, అదే దాని లోటు.

ప్రశ్నించినవారు:
మరి సింక్రోమెష్?

జవాబు (పెరంబూరు):
అది 1928లో కాడిలాక్‌తో వచ్చింది. పళ్లు కలిసేలోపే శంకువు రాపిడితో వేగాలను సమం చేస్తుంది. మీ బండిలో ఉండదు. అయినా గేరుపెట్టె మూత తీసి, పళ్ల కొసలు చితికాయేమో చూడండి.