లిక్విడిటీ నోట్ బ్యాలెన్స్ షీట్‌తో కలవట్లేదు, కాస్త చూడండి ప్లీజ్

కొత్త_ఆడిటర్: అన్నలూ అక్కలూ, తల బద్దలైపోతోంది. పొద్దున్న కూర్చున్నవాణ్ని ఇంకా ఇదే నోట్ మీద ఉన్నా. అమెరికా క్లయింట్, ఒక వృత్తి నిపుణుల సంఘం, దానికో ఫౌండేషన్. ఏడాదిలోపు ఖర్చులకు అందుబాటులో ఉన్న ఆర్థిక ఆస్తుల నోట్ ఇలా వచ్చింది:

క్యాష్ 9,40,000
రిసీవబుల్స్ (రావలసిన బాకీలు) 2,95,000
ఇన్వెస్ట్‌మెంట్లు 32,00,000
మొత్తం 44,35,000 డాలర్లు
తగ్గించినవి: దాతల షరతులున్నవి 21,00,000, బోర్డ్ రెస్ట్రిక్టెడ్ రిజర్వు 8,00,000
మిగిలింది 15,35,000

బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం ఇవే ఆస్తులు 42,50,000. బ్యాంకు, బ్రోకర్ స్టేట్‌మెంట్లు రెండూ టాలీ. ఫార్ములాలు మళ్లీ కట్టాను. రేపు పొద్దున్నే మేనేజర్‌కి పంపాలి.

సూటిగా: లెక్కలు కన్సాలిడేటెడా (రెండు సంస్థలవీ కలిపి), విడివిడిగానా?

పాత_లెడ్జర్: బాబూ, ముందు సభ్యత్వ రుసుము చూడు. ఇలాంటి సంఘాల్లో నేను చూసిన తప్పుల్లో సగం అక్కడే ఉంటాయి. డ్యూస్ డబ్బు చేతికొచ్చిన రోజే ఆదాయం అయిపోదు, సభ్యత్వ కాలం పొడవునా నెలనెలా గుర్తించాలి. వచ్చే ఏడాది సదస్సుకి ముందే కట్టిన రిజిస్ట్రేషన్ ఫీజు సదస్సు జరిగేదాకా అప్పు కిందే లెక్క. జీవితకాల సభ్యత్వాలుంటే అదింకో తలనొప్పి. నీ నోట్‌లో ఆ డిఫర్డ్ రెవెన్యూని (ముందే వచ్చి ఇంకా ఆదాయం కాని డబ్బుని) ఎందుకు తగ్గించలేదు?

కొత్త_ఆడిటర్: డ్యూస్ సరిగ్గానే ఉన్నాయండీ. తేడా ఆస్తుల వైపు వస్తోంది.

నోట్స్_పిచ్చి: పెద్దాయనా, డిఫర్డ్ రెవెన్యూని ఇక్కడ తగ్గించరండీ. ఈ నోట్‌లో చూపించేది ఆర్థిక ఆస్తులు, వాటిలో వాడుకోవడానికి వీల్లేనివి. ముందుగా వచ్చిన డ్యూస్ డబ్బుని సంఘం రేపే జీతాలకి వాడుకోవచ్చు. కావాలంటే ఆ విషయం కింద వివరణలో రాయొచ్చు.

ఇక తమ్ముడూ, ఆ "బోర్డ్ రెస్ట్రిక్టెడ్" అన్న మాట వెంటనే తీసెయ్. రెస్ట్రిక్షన్ పెట్టగలిగేది దాత ఒక్కరే. బోర్డు తీర్మానం చేసి పక్కన పెట్టిన డబ్బుని అదే బోర్డు ఇంకో తీర్మానంతో బయటికి తియ్యగలదు. అది బోర్డ్ డిజిగ్నేటెడ్, దాతల షరతుల్లేని నికర ఆస్తుల్లోనే ఉండాలి. ఎంత, ఎందుకోసం అన్నది నోట్‌లో చెప్పాలి. అవసరమైతే బోర్డు అనుమతితో వాడుకోవచ్చన్న వాక్యం లిక్విడిటీ నోట్ కింద తప్పకుండా రాయి. అంకెలు ఒక్కటే పెట్టి వదిలేస్తే చాలదు, నగదు అవసరాల్ని ఎలా నిభాయించుకుంటారో కూడా చెప్పాలి.

పాత_లెడ్జర్: మేం పని చేసినప్పుడు నికర ఆస్తులకి మూడు తరగతులుండేవి. అన్‌రెస్ట్రిక్టెడ్, టెంపరరీ, పర్మనెంట్. చదివేవాడికి చప్పున అర్థమయ్యేది.

నోట్స్_పిచ్చి: ఎ.ఎస్.యు. 2016-14 అనే అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల సవరణతో అది పోయిందండీ. 2017 డిసెంబర్ 15 తర్వాత మొదలైన సంవత్సరాల నుంచి రెండే. దాతల షరతులున్నవి, లేనివి.

పాత_లెడ్జర్: తరగతి పేరు పోతే మూలధనం ముట్టుకోవద్దన్న దాత మాట పోతుందా?

నోట్స్_పిచ్చి: పోదు. అందుకే ఏ షరతు కింద ఎంతుందో నోట్‌లో విడగొట్టి చూపిస్తాం. శాశ్వతంగా ఉంచాల్సింది ఒక లైను, స్కాలర్‌షిప్‌లకి ఒక లైను, ఫలానా తేదీ దాకా ఆగాల్సింది ఇంకో లైను.

సూటిగా: నా ప్రశ్నకి జవాబు రాలేదు.

కొత్త_ఆడిటర్: సారీ అండీ, కన్సాలిడేటెడే. ఇలాంటివి ఎప్పుడూ కలిపే చేస్తారు కదా అని రాయలేదు.

నోట్స్_పిచ్చి: ఎప్పుడూ కాదు తమ్ముడూ. ఫౌండేషన్ బోర్డులో మెజారిటీని సంఘమే నియమిస్తూ, దాంట్లో సంఘానికి ఆర్థిక ప్రయోజనం కూడా ఉంటే కలిపి తీరాలి. రెండింటిలో ఒక్కటే ఉంటే కలపరు, సంబంధిత పక్షాల నోట్ ఇస్తారు. మీ మొదటి నోట్‌లో ఆ కారణం రాశారా?

కొత్త_ఆడిటర్: రాశాం. మెజారిటీ సంఘానిదే. సంఘం నడిపే శిక్షణ కార్యక్రమాల కోసమే ఫౌండేషన్ విరాళాలు సేకరిస్తుంది.

సూటిగా: నోట్ అంకెలు కన్సాలిడేటెడ్ కాలమ్ నుంచి తీశారా, రెండు సంస్థల టీబీలూ (ట్రయల్ బ్యాలెన్స్‌లు, అంటే ఖాతాల నిల్వల పట్టీలు) కూడారా?

కొత్త_ఆడిటర్: రెండు టీబీలూ కూడాను.

సూటిగా: సంఘం రిసీవబుల్స్‌లో డ్యూ ఫ్రమ్ ఫౌండేషన్ (ఫౌండేషన్ నుంచి రావలసింది) చూడండి.

నోట్స్_పిచ్చి: అవును, అదే అయ్యుంటుంది. ఇలాంటి ఫౌండేషన్లకి చాలాచోట్ల సొంత సిబ్బంది ఉండరు. జీతాల్లో వాటా, అద్దె, అకౌంట్స్ పని అన్నీ సంఘం చేసిపెట్టి బిల్లు వేస్తుంది. ఏడాది చివరికి కట్టని బిల్లు సంఘానికి రావలసింది, ఫౌండేషన్ ఇవ్వవలసింది. బ్యాలెన్స్ షీట్‌లో ఎలిమినేషన్ ఎంట్రీతో రెండూ కొట్టేసుకుపోతాయి. నువ్వు టీబీల నుంచి కూడావు కాబట్టి నోట్‌లో మిగిలిపోయింది. పనిలో పనిగా ఖర్చుల విభజన నోట్ కూడా చూసుకో, అదే మేనేజ్‌మెంట్ ఫీజు అక్కడ రెండోసారి పడి ఉండొచ్చు.

కొత్త_ఆడిటర్: డ్యూ ఫ్రమ్ ఫౌండేషన్ 1,85,000. సరిగ్గా అంతే. రిసీవబుల్స్ 1,10,000కి దిగింది, మిగిలింది 13,50,000. ఖర్చుల నోట్‌లోనూ ఫీజు రెండుసార్లు ఉంది, సరిచేస్తున్నా. థాంక్సండీ అందరికీ.

పాత_లెడ్జర్: మంచిది. సంఘం పత్రికలో ప్రకటనలు అమ్ముతుందా? అమ్మితే ఆ ఆదాయం మీద పన్ను సంగతి, ఆ పన్ను రిటర్ను ఫారం 990-టి వేశారా లేదా, ఆదాయపు పన్ను నోట్‌లో ఏం రాశారో చూసుకో బాబూ. మినహాయింపు ఉందని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు చాలామంది.

జూన్_క్లోజింగ్: ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా క్లయింట్‌లో సంఘం లెక్కలు జూన్‌తో ముగుస్తాయి, ఫౌండేషన్‌వి డిసెంబర్‌తో. డ్యూ టు, డ్యూ ఫ్రమ్ రెండూ ఒకే అంకె రావట్లేదు. ఎలిమినేషన్ ఎలా వెయ్యాలి?