థెరపీ మొదలుపెట్టాక ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆపేయమనాలా?

గోదారిగట్టు:
మా పిన్ని కూతురికి 27 ఏళ్లు. చిన్నప్పుడు తిట్లు, దెబ్బల మధ్యే పెరిగింది. దగ్గరివాళ్లు ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే చాలు, తనని వదిలేశారని కుదేలైపోతుంది. ఒక్కోసారి చెయ్యి కోసుకుంటుంది. హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్ట్ దగ్గర నాలుగు సెషన్లు అయ్యాయి. వెళ్లొచ్చిన ప్రతిసారీ రాత్రంతా ఏడుస్తోంది. "సలహా ఒక్కటీ చెప్పరు, ఊరికే అడుగుతారు" అంటోంది. డబ్బులిచ్చి మరీ ఏడవడం దేనికని పిన్ని గొడవ. ఇలా జరగడం మామూలేనా? ఎన్నాళ్లు పడుతుంది? అక్కడ చెప్పినవి ఇంట్లోవాళ్లకి చేరతాయా?

నల్లరేగడి:
ఏడుస్తోందా లేదా అని కాదు, తేరుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. సెషన్ అయిన సాయంత్రం, మర్నాడు మనసు బరువుగా ఉండటం మామూలే. రెండు మూడు రోజుల్లో మళ్లీ తన పనుల్లో పడాలి. వారమంతా నిద్ర లేకపోయినా, ఉద్యోగానికి వెళ్లలేకపోయినా, కోసుకోవడం పెరిగినా థెరపీ వేగం ఆమె తట్టుకోగలిగిన దానికి మించిందని అర్థం. ఎక్కువగా ఇది ఎందుకు జరుగుతుందంటే, నిలదొక్కుకోకముందే చిన్ననాటి దెబ్బలన్నీ తవ్వడం మొదలవుతుంది. ఇలాంటి గాయాలకి ముందు భద్రత, స్థిమితం. తర్వాతే జ్ఞాపకాల జోలికి వెళ్లడం. ఆ పైన బంధాలు, ఉద్యోగం, మామూలు జీవితం. మొదటి దశకే నెలలు పట్టొచ్చు. అదేమీ వృథా కాదు.

మొదటి మూడు నాలుగు సెషన్లలో ప్రశ్నలే ఎక్కువ ఉంటాయి: కుటుంబం, నిద్ర, మందులు, గతంలో ప్రాణం తీసుకోవాలనిపించిందా, ఏం మారాలనుకుంటోంది. ఈపాటికి ఒక భద్రతా ప్రణాళిక మాత్రం కాగితం మీద ఉండి తీరాలి. ప్రమాదం దగ్గర పడుతోందని చెప్పే గుర్తులు, ఒంటరిగా చేయగలిగినవి, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగగలిగినవాళ్ల పేర్లు, డాక్టర్, హెల్ప్‌లైన్ నంబర్లు, ఇంట్లో హాని చేసే వస్తువుల్ని ఎక్కడ, ఎవరి దగ్గర ఉంచాలి అన్నవన్నీ అందులో రాస్తారు. అది లేకపోతే వచ్చే సెషన్‌లో మొదటి మాట అదే కావాలి.

కోసుకునే అలవాటుకి బాగా పరీక్షకి నిలిచిన పద్ధతి డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ), అంటే ఉధృతమైన భావాల్ని తట్టుకునే నైపుణ్యాలు నేర్పే చికిత్స. అమెరికాలో మార్షా లీనహాన్ రూపొందించారు. పూర్తి రూపంలో వారానికి ఒక వ్యక్తిగత సెషన్, రెండు, రెండున్నర గంటల గ్రూపు పాఠం. పాఠాలు ఒక చుట్టు తిరగడానికి 24 వారాలు, రెండు చుట్లు కలిపితే దాదాపు ఏడాది. రోజూ డైరీ కార్డు నింపాలి: ఏ భావం ఎంత తీవ్రంగా వచ్చింది, కోసుకోవాలనిపించిందా, ఏ నైపుణ్యం వాడింది. మన దగ్గర పూర్తి గ్రూపుతో నడిపేవాళ్లు తక్కువ. ఆ నైపుణ్యాలు విడిగా నేర్పుతారా అని అడగండి.

ఒక్క సంఘటనని డీబీటీలో ఎలా విప్పుతారో చూడండి. రాత్రి తొమ్మిదికి స్నేహితురాలికి పంపిన మెసేజ్‌కి జవాబు రాలేదు అనుకుందాం. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. ముందురోజు నిద్ర లేదు. పదింటికి "నాతో విసిగిపోయింది" అన్న ఆలోచన. గుండె బిగుసుకుంది. వరసగా ఆరు ఫోన్లు. అవతల చిరాకు. ఆ తర్వాత కోసుకోవడం. ఈ గొలుసులో ఎక్కడెక్కడ తెంపొచ్చో ఇద్దరూ వెతుకుతారు: భోజనం దగ్గరా, మొదటి ఆలోచన దగ్గరా, రెండో ఫోన్‌కి ముందా? "ఫోన్లు చెయ్యకు" అని పైపైన చెప్పే సలహా ఎందుకు పనిచేయదో దీన్ని బట్టే తెలుస్తుంది. ఆరో ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆపుకునే శక్తి మిగలదు.

మామూలు డిప్రెషన్‌కి, ఆందోళనకి సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే థెరపీ) 12 నుంచి 20 సెషన్లలో అయిపోవచ్చు. ఇక్కడ ఏడాదికి తగ్గకుండా లెక్క వేసుకోండి. మార్పు మొదట కనబడేది బాధ తగ్గడంలో కాదు. కుదేలైతే మూడు రోజులు పట్టేది ఒక రోజులో తేరుకుంటుంది. భావాల తీవ్రత తగ్గడం చివర్లో వస్తుంది, అందుకే చాలామంది "ఏం మారలేదు" అని మధ్యలో మానేస్తారు.

ఉప్పుటేరు:
గోప్యత సంగతి. 27 ఏళ్ల మనిషి చెప్పినవి ఆమె అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకి చెప్పకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఉత్తర్వు ఉన్నప్పుడు మినహాయింపులు ఉంటాయి. ఏ పరిస్థితిలో ఎవరికి ఫోన్ చేస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఆ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉందా? క్లినికల్ సైకాలజిస్ట్ అయితే సీఆర్‌ఆర్ నంబర్ (ఆ మండలి రిజిస్టర్‌లోని నమోదు సంఖ్య) ఉంటుంది, అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అన్న బోర్డు చూసి మాత్రం నమ్మకండి. అందులో మంచి శిక్షణ ఉన్నవాళ్లూ ఉన్నారు, వారాంతపు కోర్సుతో వచ్చినవాళ్లూ ఉన్నారు. సైకాలజిస్ట్ మందులు రాయరు. నిద్ర పట్టకపోయినా, డిప్రెషన్ ఎక్కువగా ఉన్నా సైకియాట్రిస్ట్‌ని కూడా కలవాలి. మందులు ఇస్తే తోచినప్పుడు ఆపేయకూడదు.

ఖర్చు భారమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడ రద్దీ వల్ల ప్రతి వారం గంటసేపు ఒకే మనిషి దొరకడం కష్టం కావొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబర్ ఆమె ఫోన్లో ఇప్పుడే సేవ్ చేయించండి. గాయం లోతుగా ఉన్నా, బతకాలని లేదని అంటున్నా ఆమెని ఒంటరిగా వదలకుండా దగ్గరలోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

గోదారిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంకో సంగతి. మొన్న సెషన్‌లో ఆ సైకాలజిస్ట్ గడియారం చూసిందట. "ఆవిడకి నేనంటే విసుగు పుట్టింది, ఇక వెళ్లను" అంటోంది మా పిన్ని కూతురు.

నల్లరేగడి:
సరిగ్గా ఆ మాటే సెషన్‌లో చెప్పాలండీ. వదిలేస్తారన్న భయం బయటి మనుషుల మీదే కాదు, థెరపిస్ట్ మీద కూడా వస్తుంది. అది అక్కడే, ఆ మనిషితోనే మాట్లాడి తేల్చుకోవడం ఈ చికిత్సలో ముఖ్యమైన భాగం. నోటితో చెప్పలేకపోతే రాసుకెళ్లి ఇవ్వమనండి: "మీరు గడియారం చూసినప్పుడు నాకు ఇలా అనిపించింది, అందుకే రావాలనిపించలేదు." చివరి ఐదు నిమిషాలకి దాచుకోకుండా మొదట్లోనే ఇవ్వాలి. సెషన్ 45, 50 నిమిషాలే కాబట్టి ఆఖర్లో తీసిన మాట సగంలో ఆగిపోతుంది.

మంచి థెరపిస్ట్ కోప్పడరు, వాదించరు. టైం కోసం చూశానని నేరుగా ఒప్పుకుని, ఆ క్షణంలో ఆమెకి ఏమైందో అడుగుతారు. ఎగతాళి చేస్తేనో, నెపం ఆమె మీదకే నెడితేనో మరొకరిని వెతకడం న్యాయమే. పది సిట్టింగుల్లో పూర్తిగా నయం చేస్తానని మాటిచ్చేవాళ్లు, బయట కలుద్దామనేవాళ్లు, లైంగికంగా చనువు తీసుకునేవాళ్లు అయితే రెండో ఆలోచన లేకుండా మానేయాలి.

ఉప్పుటేరు:
పిన్నిగారికి ఒక్క మాట చెప్పండి. ఇంటికి రాగానే "ఏం మాట్లాడావు?" అని ఆరా తీయొద్దు. అన్నం పెట్టి, ఆ సాయంత్రం ఫంక్షన్లూ చుట్టాలూ లేకుండా చూస్తే చాలు.